ఫ్రెండ్స్‌తో కలిసి విజువల్ నావెల్ స్ట్రీమ్ చేయడం ఎలా: ఆట ఎంపిక నుంచి ఎలక్షన్ గొడవల దాకా

మేం ఐదుగురం. నాది రాజమండ్రి. ఒకడిది గుంటూరు, ఒక అక్కది వరంగల్, ఒక తమ్ముడిది కర్నూలు, ఒక అన్న డల్లాస్‌లో ఉంటాడు. ఐదుగురం కలిసి ఒక్కసారి కూడా ఒకే చోట కూర్చోలేదు. అయినా 2023 మొదట్నుంచి దాదాపు ప్రతి శనివారం రాత్రి డిస్కార్డ్‌లో (గుంపుగా మాట్లాడుకునే, స్క్రీన్ చూపించుకునే యాప్) కలిసి విజువల్ నావెల్స్ చదువుతున్నాం. ఒకరు స్క్రీన్ చూపిస్తారు, మిగతావాళ్లం పాత్రలు పంచుకుని అప్పటికప్పుడు తెలుగులో చెప్పుకుంటూ చదువుతాం, కొన్నిసార్లు యూట్యూబ్‌లో లైవ్ కూడా పెడతాం. ఎలా మొదలుపెట్టాలని, మధ్యలో పాలిటిక్స్ వచ్చి గ్రూప్ పగిలిపోకుండా ఏం చేయాలని చాలామంది అడుగుతున్నారు. మేం చేసిన తప్పులతో సహా అంతా ఇక్కడ రాస్తున్నాను.

అసలు తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. విజువల్ నావెల్ అంటే తెర మీద బొమ్మ, వెనక సంగీతం, కింద డబ్బాలో మాటలు, అక్కడక్కడా మీరు తీసుకోవాల్సిన నిర్ణయం. ఆ నిర్ణయాన్నిబట్టి కథ ఒక దారి పడుతుంది, ఆ దారినే రూట్ అంటాం. ఈ పద్ధతి జపాన్‌లో పెరిగింది, ఇప్పుడు అన్నిచోట్లా చేస్తున్నారు.

1. ఆట ఎంచుకోవడం

కొత్తవాళ్లు ఎక్కువగా డోకి డోకి లిటరేచర్ క్లబ్‌తో మొదలుపెడతారు. టీమ్ సాల్వాటో 2017లో విడుదల చేసింది, ఉచితం, నాలుగైదు గంటల్లో అయిపోతుంది. కానీ పైకి స్కూల్ కథలా కనిపించే ఆ ఆటలో ఆత్మహత్య, తమని తాము గాయపరచుకోవడం లాంటివి ఉన్నాయి, మొదట్లో ఆటే హెచ్చరిస్తుంది. గ్రూప్‌లో "అందరికీ ఓకేనా?" అని అడిగితే ఎవరూ కాదనరు. అందుకే ఒక్కొక్కరికీ విడిగా మెసేజ్ పెట్టి అడగండి. మేం అలా అడిగినందువల్లే ఆ ఆట పక్కన పెట్టేశాం, ఎవరి కోసమో మాలో ఎవరూ చెప్పుకోలేదు.

నా సలహా అడిగితే ఏస్ అటార్నీ మూడు ఆటల సెట్. క్యాప్‌కామ్ మొదటి ఆటని 2001లో తెచ్చింది, మూడూ కలిపి 2019 నుంచి స్టీమ్‌లో (కంప్యూటర్ ఆటలు అమ్మే సైట్) ఉన్నాయి, మొత్తం 14 కేసులు. కేసు అయిపోతే కథ ఆగుతుంది కాబట్టి ఎక్కడ ఆపాలన్న గొడవ ఉండదు, పాత్రలు చాలా ఉంటాయి కాబట్టి అందరికీ చదవడానికి పని దొరుకుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, అది కోర్టు కథ. తెలుగువాడు సినిమాల్లో కోర్టు సీను చూసి పెరిగినవాడు, మనకి అక్కడ కొత్త ఏమీ ఉండదు.

ఉమినెకో లాంటి పెద్ద కథల జోలికి మొదట్లోనే వెళ్లకండి. 2007 నుంచి 2010 దాకా ఎనిమిది భాగాలుగా వచ్చింది, ఒక్కరే మనసులో చదువుకున్నా వంద గంటలు దాటుతుంది. అద్భుతమైన రచన, నేను రెండుసార్లు చదివాను, అయినా ఆరు నెలలు కలిసి చదివిన అలవాటు ఉన్న గ్రూప్‌కే అది నిలుస్తుంది. ఏ ఆట ఎంతసేపు పడుతుందో విజువల్ నావెల్స్ వివరాలన్నీ ఉండే వీఎన్‌డీబీ సైట్‌లో ఉంటుంది. అక్కడ చెప్పిన టైమ్‌ని రెండుతో గుణించండి, నలుగురూ గట్టిగా చదువుతూ తెలుగులో చెప్పుకుంటూ వెళ్తే అంత పడుతుంది. పెద్దలకు మాత్రమే అని ఉన్నవి లైవ్‌లో పెట్టొద్దు, ఆటల లైవ్‌లు పెట్టే ట్విచ్ సైట్‌లో అయితే నిషేధించిన ఆటల జాబితాయే ఉంది.

2. పర్మిషన్ చూసుకోవడం

ఈ మెట్టు చాలామంది దాటేస్తారు. కొట్లాటల ఆట చూసినవాడు రేపు తనూ కొని ఆడతాడు. విజువల్ నావెల్ మొత్తం చూసేసినవాడికి కొనడానికి కారణమే మిగలదు, కథే దాని సరుకు కాబట్టి. జపాన్‌లో స్టైన్స్ గేట్ వరసలోని ఒక ఆటని ముగింపుతో సహా యూట్యూబ్‌లో పెట్టి డబ్బు సంపాదించిన ఒక వ్యక్తిని 2023లో అరెస్టు చేశారు. యానిమే కుదించి పెట్టిన కేసు కూడా అతని మీద కలిసింది. కోర్టు రెండేళ్ల జైలు వేసి ఐదేళ్లపాటు అమలు నిలిపింది, పైన పది లక్షల యెన్‌ల జరిమానా. మన దాకా పోలీసులు రాకపోవచ్చు. రాసినవాడి కడుపు కొట్టకూడదన్నది మాత్రం మనకీ వర్తిస్తుంది.

కాబట్టి కంపెనీ సైట్‌లో వీడియో పాలసీ చదవండి. కొన్ని ఫలానా అధ్యాయం దాకే అంటాయి, కొన్ని ముగింపు వద్దంటాయి, కొన్ని పూర్తిగా ఒప్పుకుంటాయి. మా పద్ధతి ఏమిటంటే, ఒప్పుకున్నవాటికే యూట్యూబ్ లైవ్, అప్పుడు కూడా ఆఖరి కేసు మా ఐదుగురికే. పాట ఉన్న ఓపెనింగ్ వస్తే సౌండ్ తీసేయండి, కాపీరైట్ క్లెయిమ్ ఎక్కువగా వచ్చేది అక్కడే. ఇంకొకటి, చిన్న ఛానెళ్లకి కూడా బెట్టింగ్ యాప్‌ల నుంచి "స్పాన్సర్ చేస్తాం" అని మెయిళ్లు వస్తాయి. జవాబే ఇవ్వొద్దు. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రకారం డబ్బు పెట్టి ఆడే ఆటలకి ప్రచారం చేసినా నేరమే.

3. సామాను

ఇక్కడ పెద్ద ఖర్చేమీ లేదు. బొమ్మలు కదలవు కాబట్టి పాత ల్యాప్‌టాప్ సరిపోతుంది. ఐదుగురి మధ్యే అయితే డిస్కార్డ్ స్క్రీన్ షేర్ చాలు, ఉచితంగా వచ్చే 720పీ క్వాలిటీలో అక్షరాలు బాగానే కనిపిస్తాయి. స్క్రీన్ మొత్తం కాకుండా ఆట విండో ఒక్కటే షేర్ చేయండి, లేకపోతే మీ బ్యాంకు ఓటీపీ అందరూ చూస్తారు. లైవ్ పెట్టాలంటే ఓబీఎస్ స్టూడియో అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. సెకనుకి 3000 కిలోబిట్లు పెట్టుకుంటే గంటకి 1.35 జీబీ దాకా పోతుంది, అంటే ఫోన్ హాట్‌స్పాట్ మీద రెండు గంటలు నడిపితే రోజుకి 2 జీబీ ప్యాక్ మధ్యలోనే అయిపోతుంది. యూట్యూబ్‌లో మొదటిసారి లైవ్ ఆన్ చేస్తే 24 గంటలు ఆగాలి, ఫోన్ నుంచి అయితే 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, 2025 జూలై నుంచి 16 ఏళ్లు నిండనివాళ్లు ఒంటరిగా లైవ్ పెట్టలేరు. ఇవన్నీ ముందు రోజే చూసుకోండి.

కరెంటు పోయే ఊళ్లో ఉంటే ప్రతి పావుగంటకీ సేవ్ చేయండి. సేవ్ ఎప్పుడూ కొత్త స్లాట్‌లోనే. ఎందుకో చివర్లో చెప్తాను.

టైమ్ విషయంలో ఒక్కటే జాగ్రత్త. మనకి శనివారం రాత్రి 9:30 అయితే డల్లాస్‌లో అదే రోజు పొద్దున 11. నవంబర్‌లో వాళ్ల గడియారం మారి 10 అవుతుంది, మార్చిలో మళ్లీ 11. ఈ సంగతి తెలియక మా అన్న ఒక వారం కేసు ముగింపు మిస్సయ్యాడు.

4. తెలుగులో చదవడం

నాకు ప్రాణం లాంటి భాగం ఇదే, కాస్త ఎక్కువసేపు చెప్తాను.

ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు చదివితే అరగంటలో అందరికీ నిద్ర వస్తుంది. అనువాదం ముందే రాసుకొస్తే ప్రాణం పోతుంది. తెర మీద ఉన్నది ఒకసారి మనసులో చదువుకుని, ఆ మనిషి మన ఊళ్లో ఉంటే ఏమనేవాడో అది అనండి. ఏస్ అటార్నీలో హీరో లాయర్ ఫీనిక్స్ వేలు చూపించి అరిచే చోట మేం ఆలోచించనే లేదు, "అబ్జెక్షన్ యువరానర్!" అనేశాం. "హోల్డ్ ఇట్" వచ్చినప్పుడు మాత్రం రెండు వారాలు వెతుక్కుని "ఆగండాగండి!" దగ్గర ఆగాం.

ఇంగ్లీషులో లేనిది, జపనీస్‌లోనూ తెలుగులోనూ ఉన్నది మర్యాద. ఇంగ్లీషు అనువాదంలో అందరూ యూ, అందరూ బ్రదర్, సిస్టర్. జపనీస్‌లో అన్నకి ఒక మాట, తమ్ముడికి ఒక మాట, మనలాగే. కాబట్టి ఇంగ్లీషులో పోయినదాన్ని తెలుగులో వెనక్కి తేవచ్చు, అయితే ప్రతి జంటకీ నువ్వా మీరా అని ముందే నిర్ణయించుకోవాలి. ఫీనిక్స్ అసిస్టెంట్ మాయా అతన్ని నువ్వు అంటుంది, అందులో అనుమానం లేదు. ఫీనిక్స్, అతనికి ఎదురుగా వాదించే ప్రాసిక్యూటర్ ఎడ్జ్‌వర్త్ ఒకరినొకరు ఏమనాలన్నదాని మీద మాకు పెద్ద చర్చే నడిచింది. మీరు అని మొదలుపెట్టి, మొదటి ఆట నాలుగో కేసు చదివాక మార్చుకున్నాం. చదివినవాళ్లకి ఎందుకో తెలుసు, చదవనివాళ్లకి నేను చెప్పను. ఈ నిర్ణయాలన్నీ ఒక ఫైల్‌లో రాసుకోండి, పాత్ర పేరు, ఎవరు చదువుతారు, ఎవరిని ఏమని పిలుస్తుంది. ఒక్కొక్కరికీ ఒక రంగు ఇచ్చుకోండి.

ఇప్పుడు యాస సంగతి. మా గ్రూప్‌లో మొదటి రాజకీయ గొడవ ఎలక్షన్ల వల్ల రాలేదు, యాస వల్ల వచ్చింది. ఒక రౌడీ సాక్షి పాత్ర వస్తే నేను రాయలసీమ యాసలో చదివాను. అందరూ నవ్వారు. కర్నూలు తమ్ముడు ఆ రాత్రి ఇంకేమీ మాట్లాడలేదు, తర్వాతి వారం రాలేదు. ఫోన్ చేస్తే అప్పుడు చెప్పాడు: "అన్నా, మేం సినిమాల్లో ఎప్పుడూ కత్తి పట్టుకునే ఉంటాం. ఇక్కడ కూడానా?" అక్క అప్పుడే ఇంకో మాట కలిపింది, మా యాస మీ సినిమాల్లో కామెడీ వాళ్లకీ విలన్‌కీ తప్ప హీరోకి ఎన్నాళ్లు ఇచ్చారు అని. నా దగ్గర జవాబు లేదు. క్షమాపణ చెప్పాను, అది గ్రూప్‌లోనే చెప్పాను, నవ్వింది గ్రూప్‌లో కాబట్టి.

అప్పట్నుంచి మా నియమం: ఎవరి యాస వాళ్లే చదవాలి, ఇంకొకరి యాస ఎవరూ పెట్టకూడదు. దాంతో ఎడ్జ్‌వర్త్ వరంగల్ యాసలో మాట్లాడే ప్రాసిక్యూటర్ అయ్యాడు. "గట్లెట్ల చెప్తవ్?" అని అక్క నెమ్మదిగా అడిగితే సాక్షికే కాదు, మాకూ చెమట పట్టేది. రౌడీ సాక్షులు నా గోదావరి యాసకే వచ్చారు.

5. రాజకీయాలు ఎక్కడ, ఎప్పుడు

గేమ్స్ ఆడేచోట రాజకీయాలేంటి అనేవాళ్లు 2025 సెప్టెంబర్‌లో నేపాల్‌లో జరిగింది గుర్తు తెచ్చుకోవాలి. ప్రభుత్వం పడిపోయాక అక్కడి కుర్రకారు వేలమంది డిస్కార్డ్ సర్వర్‌లో చేరి తాత్కాలిక ప్రధానిగా ఎవరుండాలో చర్చించి ఓటింగ్ పెట్టుకున్నారు, అందులో ముందు నిలిచిన సుశీలా కార్కీయే సెప్టెంబర్ 12న ప్రమాణం చేశారు. మనుషులు రోజూ కూర్చునే చోటికి రాజకీయం వస్తుంది.

2023 నవంబర్ 30న తెలంగాణ పోలింగ్. దానికి రెండు వారాల ముందు మేం గ్రూప్‌లో పాలిటిక్స్ బంద్ అని పెట్టాం. అది మేం చేసిన రెండో తప్పు. మాటలు ఆగలేదు, ఇద్దరిద్దరు విడిగా మాట్లాడుకోవడం మొదలైంది, శనివారం చదివేటప్పుడు ఎవరు ఎవరితో ఏం మాట్లాడుకున్నారోనన్న టెన్షన్ అందరి గొంతుల్లో వినిపించేది. అందుకని నిషేధం ఎత్తేసి వేరే పద్ధతి పెట్టుకున్నాం. ఇలా చేయండి.

చదివే గది వేరు, చాయ్ గది వేరు. డిస్కార్డ్‌లో రెండు వాయిస్ ఛానెళ్లు పెట్టడం రెండు నిమిషాల పని. చదివే గదిలో కథలోని రాజకీయం ఎంతైనా మాట్లాడొచ్చు, పార్టీ పేరు, నాయకుడి పేరు మాత్రం రాకూడదు. చదవడం అయ్యాక చాయ్ గది ముప్పావుగంట. నిద్రొచ్చినవాళ్లు వెళ్లిపోవచ్చు, ఎందుకు వెళ్లావని మర్నాడు ఎవరూ అడగకూడదు. అక్కడ రికార్డింగ్ లేదు, స్క్రీన్ షేర్ లేదు. రికార్డింగ్ వద్దన్నది మొహమాటానికి కాదు. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవాళ్లకి సర్వీసు నియమాలుంటాయి. అమెరికా స్టూడెంట్ వీసాకి అప్లై చేసేవాళ్ల సోషల్ మీడియా అకౌంట్లు 2025 జూన్ నుంచి పబ్లిక్‌గా పెట్టమంటున్నారు. ఆన్‌లైన్ పోస్టుల మీద కేసులకి వాడిన ఐటీ చట్టం సెక్షన్ 66ఏని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది గానీ, ఎవరి ప్రభుత్వమున్నా రెండు రాష్ట్రాల్లోనూ పోస్టుల మీద వేరే సెక్షన్ల కింద కేసులు పెడుతూనే ఉన్నారు. మీ ఫ్రెండ్ కోపంలో అన్న ఒక్క మాట పది సెకన్ల క్లిప్ అయి తిరిగితే దాన్ని మీరు వెనక్కి తీసుకోలేరు.

చదివినదాన్నుంచి మొదలుపెట్టండి. ఏస్ అటార్నీలో విచారణ మూడు రోజుల్లో అయిపోవాలి, నిందితుడు తప్పు చేయలేదని లాయరే తేల్చాలి. ఇదేం న్యాయం అని కర్నూలు తమ్ముడు అడిగాడు. జపాన్‌లో కోర్టుకెళ్లిన క్రిమినల్ కేసుల్లో 99 శాతానికి పైగా శిక్షే పడుతుందని, 2009 నుంచి మామూలు జనం జడ్జీల పక్కన కూర్చునే పద్ధతి పెట్టారని డల్లాస్ అన్న చెప్పాడు. అక్కణ్నుంచి మన దగ్గరికి వచ్చాం. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో మనకి జ్యూరీ పోయింది. జైళ్లలో ఉన్నవాళ్లలో నలుగురిలో ముగ్గురు ఇంకా శిక్ష పడనివాళ్లే, 2022 చివరి లెక్కల్లో 75.8 శాతం. ఆ రాత్రి రెండింటి దాకా మాట్లాడుకున్నాం, పార్టీలవారీగా చూస్తే ఐదుగురిదీ తలో దారి, అయినా ఒక్కరి గొంతూ పెరగలేదు.

ఎదుటివాడి రూట్ అడగండి. వాదనలో నీ పాయింట్ తప్పు అనేముందు, నువ్వు ఇక్కడికెలా వచ్చావని అడిగి పది నిమిషాలు అడ్డురాకుండా వినాలి. రాజధాని గొడవ మాకు మూడు నెలలు నడిచింది. గుంటూరు వాడి మేనమామ 2015లో అమరావతి ల్యాండ్ పూలింగ్‌కి పొలం ఇచ్చారు, 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల మాట వచ్చిన రాత్రి ఆ ఇంట్లో ఎవరూ అన్నం తినలేదట. కర్నూలు తమ్ముడి తాతగారు 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన రోజు, 1956లో అది హైదరాబాద్‌కి పోయిన రోజు రెండూ చూశారు, రాజధాని, హైకోర్టుల్లో ఒకటి ఎంచుకునే హక్కు రాయలసీమకిచ్చిన 1937 శ్రీబాగ్ ఒప్పందం ఆ ఇంట్లో ఇప్పటికీ చర్చకొస్తుంది. అక్క తెలంగాణ ఉద్యమం రోజుల్లో కాకతీయ యూనివర్సిటీలో చదువుకుంది. మా రాజధాని గోలని ఆమె బయటి నుంచి చూస్తుందనుకున్నాం, కానీ ఆమె చెప్పిన హాస్టల్ రోజులు విన్నాక మాకు వెంటనే మాట రాలేదు. ఎవరూ ఎవరి అభిప్రాయమూ మార్చుకోలేదు. అయితే ఆ తర్వాత "మీవాళ్లు" అన్న మాట మా మధ్య వినపడలేదు.

రెండింటికి మాత్రం అక్కడికక్కడే ఆపేయండి. ఒకటి కులం పేరు పెట్టి మాట్లాడటం, ఫలానా గజ్జి, ఫలానా బ్యాచ్ అనడం కూడా అందులోకే వస్తుంది. అన్నవాళ్లని ఆ రాత్రికి గదిలోంచి పంపేయాలి, ఎంత దగ్గరివాళ్లయినా సరే. రెండోది ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియని వీడియో. "నాకు వాట్సాప్‌లో వచ్చింది" అంటే సరిపోదు. ఫ్యాక్ట్‌లీ లాంటి హైదరాబాద్ సంస్థలు తెలుగులోనే నిజనిర్ధారణ చేస్తున్నాయి, అక్కడ వెతికి చూశాకే మాట్లాడాలి.

పోలింగ్‌కి ముందు వారం యూట్యూబ్ లైవ్ ఆపేయండి. మీరు నోరు మూసుకున్నా చాట్‌లోకి కొత్తవాళ్లు వచ్చి పార్టీల నినాదాలు పెడతారు, చదవడం మానేసి వాటిని తుడుస్తూ కూర్చోవాలి. మామూలు రోజుల్లో అయితే స్లో మోడ్ (ఒకరే వెంటవెంటనే మెసేజ్‌లు పెట్టకుండా ఆపేది) పెట్టి, లింకులు ఆపేసి, తిట్టు మాటలని బ్లాక్ లిస్టులో తెలుగు లిపిలోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ రెండు రకాలుగా చేర్చండి, మనవాళ్లు రెండు రకాలుగానూ తిడతారు.

6. ఎవరైనా వెళ్లిపోతే

ఇన్ని చేసినా ఒకరు వెళ్లిపోవచ్చు. 2024 మే 13న ఆంధ్రలో పోలింగ్, జూన్ 4న ఫలితాలు. ఆ రాత్రి గ్రూప్‌లో ఒకరు పెట్టిన ఒక స్టిక్కర్ గుంటూరు వాడికి తగలరాని చోట తగిలింది. మాట కూడా చెప్పకుండా సర్వర్‌లోంచి వెళ్లిపోయాడు.

అప్పుడు మేం చేసినవాటిలో పనికొచ్చినవి చెప్తాను. స్టిక్కర్ పెట్టినవాళ్లు మర్నాడు దాన్ని తీసేసి వాడికి విడిగా మెసేజ్ పెట్టారు, ఒక్కసారే, జవాబు కోసం వెంటపడలేదు. వాడు లేనప్పుడు వాడి గురించి చాయ్ గదిలో మాట్లాడకూడదనుకున్నాం. మూడో ఆట చివరి కేసు మొదలుపెట్టి ఉన్నాం, దాన్ని అక్కడే ఆపి, నలుగురం వేరే చిన్న ఆటలు చదువుకున్నాం. వాడి పాత్రలు ఇంకొకరికి ఇవ్వలేదు, ఫైల్‌లో వాడి ఆకుపచ్చ రంగు అలాగే ఉంచాం.

సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ మునిగింది. గుంటూరు వాడి అక్కయ్య ఉండేది అక్కడి సింగ్‌నగర్‌లో. వరంగల్ అక్క వాడికి నేరుగా ఫోన్ చేసింది, అదే వారం ఖమ్మంలో మున్నేరు వాళ్ల చుట్టాల ఇంట్లోకి వచ్చింది కాబట్టి ఇద్దరూ నీళ్ల గురించే గంటసేపు మాట్లాడుకున్నారట. ఎలక్షన్ల ఊసు రాలేదు. మూడు వారాల తర్వాత శనివారం రాత్రి 9:25కి వాడు చదివే గదిలోకి వచ్చి, మైక్ ఆన్ చేసి, "ఎక్కడ ఆపాం?" అన్నాడు.

సేవ్ ఎప్పుడూ కొత్త స్లాట్‌లోనే అన్నది ఇందుకే. జూన్ 1 నాటి స్లాట్ తెరిచాను. తెర మీద వాడి పాత్ర మాటే ఆగి ఉంది.